పుట్టను చూడాలి, గొడుగును కాదు

(గిరిజన ప్రాంతాల్లో పనిచేసే మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

'ఆహార హక్కు - స్త్రీలు' అన్న అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. రేషను బియ్యం గురించో, అంగన్‌వాడీ గుడ్డు గురించో చెబుతానని మీరు అనుకుని ఉండవచ్చు. వాటి గురించి నాకంటే బాగా మాట్లాడగలిగిన వాళ్ళు మీలోనే ఉన్నారు. నేను ఈరోజు పుట్టగొడుగుల గురించి మాట్లాడదామని వచ్చాను.

మన సంస్థలు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయని పత్రికలవాళ్ళు అప్పుడప్పుడూ వెక్కిరిస్తుంటారు. ఆ మాట రాసినవాళ్ళు పుట్టగొడుగుల కోసం ఎప్పుడూ అడవికి వెళ్ళి ఉండరు. ఒక్క రాత్రిలో పైకి వచ్చేది గొడుగు మాత్రమే. దాని కింద నేలలో చెదపురుగులు ఏళ్ళ తరబడి పనిచేసి ఉంటాయి. ఎండుటాకుల్నీ, పుల్లల్నీ నమిలి, లోపల గదుల్లో తేనెపట్టులాంటి దిమ్మలు కట్టి, వాటిమీద ఒక శిలీంధ్రాన్ని పెంచుతాయి. అదే వాటికి తిండి. తొలకరి వానలు గట్టిగా పడ్డాక ఆ శిలీంధ్రం మట్టిని చీల్చుకుని పైకి వస్తుంది. శాస్త్రజ్ఞులు దాన్ని టెర్మిటోమైసిస్ అంటారు. మనుషులు ఇంతవరకూ దాన్ని షెడ్డుల్లో పెంచి అమ్మే పద్ధతి కనిపెట్టలేకపోయారు. చెదలు లేనిదే అది లేదు.

మన భాషకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. అందుకే దాని పేరు పుట్టగొడుగు. పుట్టలోంచి వచ్చే గొడుగు. పుట్ట లేకుండా మొలిచేదానికి మనవాళ్ళు వేరే పేరు పెట్టారు, కుక్కగొడుగు అని. తినేదేదో తినకూడనిదేదో రెండు మాటల్లో తేల్చేసిన భాష మనది. కానీ చదువుకున్న మనం ఏం చేశాం? ఇంగ్లీషులో ఉన్న ఒక్క మాటకి సరిపోవాలని అన్నిటినీ కలిపి 'పుట్టగొడుగులు' అనేశాం. పాఠ్యపుస్తకాల్లో అదే మాట, పాలిథిన్ సంచుల్లో అమ్మే తెల్లగుండీలకీ అదే మాట. పేరులో ఉన్న పుట్ట ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగనందుకు ఏమైందో చెప్పడానికే ఈ మాటలు.

ఒక ఇంట్లో జరిగింది

కొన్నేళ్ళ కిందట నిర్వాసిత స్త్రీల పనుల్లో వచ్చిన మార్పుల మీద అధ్యయనం కోసం ఒక పునరావాస కాలనీకి వెళ్ళి వస్తుండేదాన్ని. ఒక ప్రాజెక్టు కింద మునిగే ఊళ్ళనుంచి తెచ్చిన కొండరెడ్డి కుటుంబాలవాళ్ళు అక్కడ ఉన్నారు. వరసగా ఒకేలాంటి ఇళ్ళు. నేలంతా యంత్రాలతో చదును చేసి, ఎక్కడినుంచో మట్టి తెచ్చి పోశారు. చెట్టూ లేదు, పుట్టా లేదు.

వాళ్ళు అక్కడికి వచ్చి మూడేళ్ళయింది. ఆ ఏడు తొలి వానలకి కాలనీ వెనక ఖాళీ స్థలంలో పచ్చిక లేచింది. ఒక పొద్దున పచ్చికలో వరసగా, విస్తళ్ళంత పెద్ద తెల్లటి గొడుగులు. పాతికేళ్ళ కోడలొకామె కొంగునిండా కోసుకొచ్చి రాత్రికి కూర వండింది. ఇంట్లో అత్త, మామ, భర్త, ఇద్దరు పిల్లలు. మూడేళ్ళుగా ఆ ఇంట్లో అడవి కూర వండింది లేదు. పిల్లలకి దాని రుచి గుర్తు లేదు. అందరూ ఇష్టంగా తిన్నారు.

తిన్న రెండు గంటలకే వాంతులు మొదలయ్యాయి. ముందు పిల్లలకి, తర్వాత పెద్దవాళ్ళకి. అర్ధరాత్రి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సెలైన్లు పెట్టారు. రెండు రోజులకి అందరూ కోలుకున్నారు.

మన దృష్టిలో కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ఆమె కష్టాలు ఇక్కడే మొదలయ్యాయి. ఎందుకంటే ఆమెకు వాంతులు అందరికంటే ఆలస్యంగా అయ్యాయి, తక్కువగా అయ్యాయి. "అందరికీ పెట్టింది, తను తినలేదు" అన్నారు. "తెలిసే పెట్టింది" అన్నారు. భర్తతో అంతకుముందు వారం జరిగిన గొడవ గుర్తు చేశారు. ఆసుపత్రిలో రాసుకునే ఆయన కూడా "ఎవరు వండారు? ఆమె తిన్నదా?" అనే అడిగాడు తప్ప, "ఏం తిన్నారు, ఎక్కడ కోశారు?" అని అడగలేదు. పెద్దలు కూర్చుని ఆమెను పుట్టింటికి పంపెయ్యమన్నారు. పిల్లల్ని ఇక్కడే ఉంచెయ్యాలన్నారు.

ఆమె ఎందుకు ఆలస్యంగా తిన్నదో ఇక్కడున్న ఏ స్త్రీకీ చెప్పనక్కరలేదు. అందరికీ వడ్డించి, పిల్లల్ని పడుకోబెట్టి, గిన్నె అడుగున మిగిలిన పులుసు అన్నంలో కలుపుకుని తిన్నది. ముక్కలు మిగల్లేదు. మనందరం రోజూ చేసే పనే. ఆ పనే ఆమె మీద సాక్ష్యమైంది. ఆడవాళ్ళు చివర తినడం పోషకాహార సమస్య అని మనం ఎన్నో సదస్సుల్లో చెప్పాం. అది నేరారోపణ కూడా కాగలదని నాకు ఆ కాలనీలోనే తెలిసింది.

ఆ తెల్లగొడుగు ఏమిటి

ఆ తర్వాతి వారం ఆ ఖాళీ స్థలంలో మళ్ళీ అవే మొలిచాయి. ఈసారి నేను అక్కడే ఉన్నాను. వృక్షశాస్త్రం చెప్పే ఒక స్నేహితురాలిని అడిగి, ఆమె చెప్పినట్టు చేశాను. మీరూ నేర్చుకోవాల్సిన పని ఇది. ఖర్చు లేదు.

ముందుగా, గొడుగును నేలమట్టానికి కోయకూడదు, విరవకూడదు. కత్తితోనో పారతోనో చుట్టూ మట్టి తీసి, మొదలుతో సహా పెకలించాలి. ఎందుకంటే అసలు గుర్తు మట్టి కిందే ఉంటుంది. పుట్టగొడుగు కాడ మట్టిలోకి వేరులా సన్నబడుతూ దిగిపోతుంది. ఒక్కోసారి జానెడు, మూరెడు లోతుకి, చెదలు కట్టిన దిమ్మ దాకా వెళుతుంది. గొడుగు నడినెత్తిన గట్టి మొన ఉంటుంది. మట్టిని చీల్చుకుని వచ్చేది ఆ మొనతోనే.

కాలనీలో మొలిచినదానికి ఆ వేరు లేదు. కాడ అడుగున కొంచెం ఉబ్బి అక్కడితో ఆగిపోయింది. నెత్తిన మొన లేదు, గోధుమరంగు పొలుసులున్నాయి. కాడకి ఒక ఉంగరం ఉంది, వేలితో తోస్తే పైకీ కిందికీ జరుగుతోంది. లేతవాటి కింద రేకులు తెల్లగానే ఉన్నాయి. ముదిరినవాటి రేకులు బూడిదరంగులోంచి ఆకుపచ్చలోకి తిరుగుతున్నాయి.

తర్వాత పొడి ముద్ర తీశాం. ముదిరిన గొడుగు కాడ కోసేసి, తలను రేకులు కిందికి వచ్చేలా కాగితం మీద పెట్టాలి. కాగితం సగం తెల్లది, సగం నల్లది అయితే మంచిది. పైన గిన్నె బోర్లించి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దున తీస్తే కాగితం మీద ముగ్గు వేసినట్టు పొడి రాలి ఉంటుంది. టెర్మిటోమైసిస్ పొడి లేత గులాబి రంగు. మా కాగితం మీద పడింది పాచిలాంటి ఆకుపచ్చ. దాని పేరు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. పచ్చికబయళ్ళలో, తోటల్లో, ఖాళీ స్థలాల్లో మొలుస్తుంది. ప్రపంచంలో చాలా దేశాల్లో మనుషుల్ని ఆసుపత్రికి పంపుతున్న గొడుగు ఇది. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో విపరీతంగా వాంతులూ విరేచనాలూ అవుతాయి. ప్రాణం పోవడం అరుదు. పసిపిల్లలకి మాత్రం ఒంట్లో నీరు పోయి ప్రమాదమవుతుంది.

ఆ కాగితం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అత్తగారికి చూపించి, మీ పాత ఊళ్ళో అయితే దీన్ని ఎలా గుర్తుపట్టేవారు అని అడిగాను. ఆమె కాగితం వంక పెద్దగా చూడలేదు. "మేం గొడుగును చూడమమ్మా, పుట్టను చూత్తాం" అంది. ఏ పుట్టలో ఎప్పుడు లేస్తాయో వాళ్ళకి ముందే తెలుసు. వాళ్ళమ్మ చూపించిన పుట్టలు, వాళ్ళత్త చూపించిన పుట్టలు. ఫలానా ఇప్పచెట్టు కింద, ఫలానా వాగు గట్టు మీద. కొన్ని పుట్టల దారి ఒక్కో ఇంటి ఆడవాళ్ళకే తెలుసు. ఆ పుట్టలు తప్ప మరోచోట మొలిచినది ఎంత బాగున్నా ముట్టుకోరు. కాసేపాగి ఆమే అంది: "ఇక్కడ పుట్టల్లేవు. దానికి నేనేం చూపించాను?"

దానికి, అంటే కోడలికి. ఆ ఒక్క మాట మీద ఆ కోడలు పుట్టింటికి వెళ్ళకుండా ఆగింది. పెద్దలు మనసు మార్చుకోలేదు. అత్త మార్చుకుంది. కోడలి గురించి ఎవరైనా ఏమైనా అంటే అత్తే అడ్డం తిరిగేది.

నేను రాసిన కరపత్రం

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఆ సంఘటనకి చాలా ఏళ్ళ ముందు, పరిశోధన మొదలుపెట్టిన కొత్తల్లో, ఒక స్వచ్ఛంద సంస్థ కోసం 'వానాకాలం జాగ్రత్తలు' అని ఒక కరపత్రం రాశాను. అందులో పుట్టగొడుగుల మీద నాలుగు వాక్యాలున్నాయి. రంగురంగులవి విషం, తెల్లవి మంచివి. పురుగులు తిన్నవి మనమూ తినవచ్చు. ఉడికేటప్పుడు వెండి నాణెం వేస్తే నల్లబడితే విషం. పసుపు, చింతపండు వేసి బాగా ఉడికిస్తే విషం విరిగిపోతుంది.

ఎక్కడో చదివి రాశాను. నాలుగూ అబద్ధాలే.

ప్రపంచంలో ఎక్కువమంది ప్రాణాలు తీసిన గొడుగులు తెల్లగానో, పాలిపోయిన లేత పసుపుపచ్చగానో ఉంటాయి. పురుగులూ నత్తలూ వాటిని హాయిగా తింటాయి, వాటి ఒంటి తీరు వేరు. వెండి నల్లబడటానికీ ఈ విషాలకీ సంబంధం లేదు. ఇక ఉడికించడం సంగతి. అమనిటా జాతిలోని కొన్ని గొడుగుల్లో ఉండే అమటాక్సిన్ అనే విషం ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు, ఫ్రిజ్‌లో పెట్టినా పోదు.

ఆ కరపత్రం అచ్చయినప్పుడు ఒక ఊళ్ళో ముసలామె ఒకరు విని నవ్వేసింది. "తెల్లది మంచిదా?" అని మాత్రం అడిగింది. ఆమె నవ్వుని నేను నిరక్షరాస్యుల అమాయకత్వం కింద జమకట్టాను. అప్పటికే 'స్త్రీల అనుభవమే జ్ఞానం' అని వ్యాసాలు రాస్తున్నాను కూడా.

ఆ కాలనీ అంగన్‌వాడీ బీరువాలో పాత కాగితాల మధ్య ఆ కరపత్రం ఒకటి కనిపించింది. ఆ కోడలు ఏడో తరగతి దాకా చదివింది. ఆమె దాన్ని చదివిందా అని అడగటానికి నాకు ధైర్యం చాల్లేదు. ఇప్పటికీ అడగలేదు.

నేల మారితే

ఇది ఒక ఇంటి కథే అయితే ఇంతసేపు చెప్పేదాన్ని కాదు. గొడుగు విషాలు ఎవరిని పట్టుకుంటున్నాయో చూడండి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో విషపు గొడుగులు తిని కొద్ది రోజుల్లోనే 13 మంది చనిపోయారు. చాలామంది దిబ్రూగఢ్, శివసాగర్, చరాయిదేవ్, తిన్‌సుకియా జిల్లాల తేయాకు తోటల కార్మిక కుటుంబాలవాళ్ళు. ఈ కుటుంబాల పూర్వీకులు 19వ శతాబ్దంలో కూలీలుగా వెళ్ళినవాళ్ళు. చోటానాగపూర్ ఆదివాసులు ఎక్కువ, మన గంజాం, విశాఖపట్నం ప్రాంతాలనుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. తోటలో కూలి చాలదు. చుట్టుపక్కల ఏరుకున్న ఆకూ గొడుగూ కూరకి ఆధారం.

సముద్రం అవతల కాలిఫోర్నియాలో ఇంకొకటి జరుగుతోంది. అక్కడ ఓక్ చెట్ల కింద అమనిటా ఫాలాయిడిస్ అనే గొడుగు మొలుస్తుంది. అది యూరప్‌నుంచి చెట్ల వేళ్ళతోపాటు వచ్చి చేరింది. ఆసియా దేశాలనుంచి వలస వచ్చినవాళ్ళకి అది తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగులా కనిపిస్తుంది. మన దగ్గర కూడా పెంచే వరిగడ్డి పుట్టగొడుగు, వాల్వేరియెల్లా, లేతగా ఉన్నప్పుడు కోడిగుడ్డులా ఉంటుంది. ఆ రెండోదీ లేతగా ఉన్నప్పుడు కోడిగుడ్డులాగే ఉంటుంది. రెండిటికీ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటుంది. ఎదిగాకే తేడా బయటపడుతుంది. మంచిదాని రేకులు గులాబిరంగులోకి తిరుగుతాయి, కాడకి ఉంగరం ఉండదు. విషపుదాని రేకులు తెల్లగానే ఉంటాయి, కాడకి ఉంగరం ఉంటుంది, పొడి ముద్ర తెల్లగా పడుతుంది. మంచిది కుళ్ళిన గడ్డి మీద మొలుస్తుంది, విషపుది బతికున్న చెట్టు వేళ్ళని అంటిపెట్టుకుని మొలుస్తుంది. 2016 డిసెంబరులో ఒక్క కాలిఫోర్నియా ఉత్తర ప్రాంతంలోనే 14 మందికి ఈ విషం ఎక్కింది. ముగ్గురికి కాలేయం మార్చాల్సి వచ్చింది. అందులో ఒకరు 18 నెలల పసిపాప.

కాలిఫోర్నియా వెళ్ళినవాళ్ళూ, మా కాలనీ కోడలూ అజ్ఞానులు కారు. వాళ్ళ జ్ఞానం నిజమైనదే. కానీ అది ఒక నేలకి చెందిన జ్ఞానం. నేల మారినప్పుడు అదే జ్ఞానం చెయ్యిపట్టుకుని తప్పుదారిలోకి తీసుకెళ్ళింది. గిరిజనుల్ని ఊళ్ళనుంచి కదిలించేటప్పుడు ఇల్లు, పొలం, చెట్లు లెక్కగట్టి నష్టపరిహారం రాస్తారు. పుట్టల దారి ఏ అధికారీ లెక్కగట్టలేదు. లెక్కలోకి రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఆడవాళ్ళ దగ్గరుంది. సర్వే చేసేవాళ్ళు ఇంటి యజమానిని అడుగుతారు. ఇంటి యజమానికి పుట్టల దారి తెలియదు.

ఆసుపత్రిలో మన పని

మీలో చాలామంది ఎవరికైనా బాగాలేదంటే ముందు పరిగెత్తేవాళ్ళు. అంచేత కొన్ని విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఎన్ని గంటలకి తిన్నారు, మొదటి వాంతి ఎన్ని గంటలకి అయింది, ఈ రెండూ రాయించండి. రెండు మూడు గంటల్లో మొదలైతే చాలావరకు కడుపుని కలచివేసే రకం. ఆరు గంటలు దాటాక, లేదా మర్నాటికి మొదలైతే చాలా ప్రమాదం. అమటాక్సిన్ లక్షణం అది. అయితే తొందరగా మొదలైంది కదా అని నిర్లక్ష్యం చెయ్యకూడదు. రెండు రకాలు ఒకే కూరలో కలిసి ఉండవచ్చు.

అమటాక్సిన్‌లో ఇంకో మోసం ఉంది. మొదటిరోజు వాంతులూ విరేచనాలూ తగ్గిపోయి, మనిషి లేచి కూర్చుంటాడు. బాగయిందని ఇంటికి పంపేస్తారు. లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. మూడు నాలుగు రోజులకి కళ్ళు పచ్చబడి తిరిగి వస్తారు, అప్పటికి చెయ్యిదాటిపోతుంది. కాబట్టి తేరుకున్నట్టు కనిపించినా కాలేయానికి సంబంధించిన రక్తపరీక్షలు వరసగా చేయించమని పట్టుబట్టండి. పెద్దాసుపత్రికి పంపాల్సి ఉంటే మొదటిరోజే పంపమనండి. ఆ కూర తిన్నవాళ్ళందర్నీ తీసుకెళ్ళండి, లక్షణాలు లేనివాళ్ళని కూడా.

వండని గొడుగు మిగిలి ఉంటే కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి. పాలిథిన్ సంచిలో కుళ్ళిపోతుంది. మిగలకపోతే కోసిన చోటికి ఎవరినైనా పంపించి మరొకటి మొదలుతో సహా తెప్పించండి. అడవి గొడుగు వండే ప్రతి ఇంట్లోనూ ఒక్కటి వండకుండా పక్కన పెట్టే అలవాటు చెయ్యండి.

వండిన ఆడమనిషి పక్కన నిలబడండి. ఆమె చివర తిన్నదనీ, తక్కువ తిన్నదనీ, అందుకే ఆలస్యంగా జబ్బుపడిందనీ మీ నోటితో డాక్టరుకి చెప్పండి. ఆ మాట ఆమె చెబితే సంజాయిషీ కింద పోతుంది. మీరు చెబితే వివరం కింద నమోదవుతుంది. ఇది అన్యాయమే, కానీ ఆ రాత్రికి అదే దారి.

ఎవరైనా గొడుగు పట్టుకొచ్చి "ఇది తినొచ్చా?" అని మిమ్మల్ని అడిగితే, తినొచ్చని మీరు చెప్పకండి. నేను ఇప్పుడు చెప్పిన గుర్తులు వద్దని చెప్పడానికి పనికొస్తాయి, తినమని చెప్పడానికి చాలవు. మొదట్లో సంచిలాంటి తొడుగుంటే వద్దు. పొడి ముద్ర తెల్లగానో పచ్చగానో పడితే వద్దు. లేత గుడ్డులా ఉన్నది అసలే వద్దు. పుట్ట పక్కన మొలిచినంత మాత్రాన మంచిది కాదు, పుట్టలోంచి రావాలి. తినొచ్చని చెప్పే అధికారం ఆ నేల మీద ఏళ్ళ తరబడి ఏరుకుని తిన్న ఆడవాళ్ళది. వాళ్ళు కూడా తమ పుట్టల గురించి మాత్రమే చెబుతారు.

చట్టంలో ఎక్కడుంది

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్ని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కునీ, వాటిమీద యాజమాన్యాన్నీ అటవీవాసులకి ఇచ్చింది. మొక్కలనుంచి వచ్చే కలపేతర ఉత్పత్తులన్నీ అని నిర్వచనం. వెదురు, తేనె, మైనం, లక్క, పట్టుకాయలు, బీడీ ఆకు, మందుమొక్కలు, దుంపలు, వేళ్ళు అని ఉదాహరణలిచ్చి, చివర్న 'అలాంటివి' అని పెట్టారు. పుట్టగొడుగు పేరు అందులో లేదు. శాస్త్రం ప్రకారం శిలీంధ్రం మొక్క కాదు. ఎవరైనా అధికారి ఆ మాట పట్టుకుంటే తడబడకండి. తేనె మొక్క కాదు, లక్క మొక్క కాదు, పట్టుకాయ మొక్క కాదు, అయినా చట్టం వాటిని పేరుపెట్టి చేర్చింది. 'అలాంటివి' అన్న మాట ఉన్నది ఇలాంటివాటి కోసమేనని మనం వాదించాలి. సామూహిక హక్కుల దరఖాస్తులో సేకరించే వస్తువుల జాబితా రాసేటప్పుడు పుట్టగొడుగుల్ని పేరుపెట్టి రాయించండి. మగవాళ్ళు చెబితే వెదురూ బీడీ ఆకూ వస్తాయి. ఆడవాళ్ళని అడిగితేనే ఇవి వస్తాయి.

అదే చట్టం జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కునీ గుర్తించింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. మీ మండలంలో రాశారేమో అడగండి. రాసి ఉంటే అందులో గొడుగుల పేజీ ఉందో లేదో, చెప్పినవాళ్ళ పేర్లలో ఎంతమంది స్త్రీలున్నారో చూడండి. ఏ పుట్ట ఎక్కడుందో మాత్రం రాయనక్కరలేదు. ఆ రహస్యం ఆ ఇంటిది. వ్యాపారి చేతిలో పెట్టాల్సిన పని లేదు.

ఇక కాలనీల సంగతి. 2013 భూసేకరణ, పునరావాస చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాలవాళ్ళని, తెగలవాళ్ళని కదిలించేటప్పుడు తయారుచేసే అభివృద్ధి ప్రణాళికలో, అయిదేళ్ళలోగా అటవీయేతర భూముల్లో ప్రత్యామ్నాయ వంటచెరకు, పశుగ్రాసం, కలపేతర అటవీ ఉత్పత్తుల వనరులు పెంచే కార్యక్రమం ఉండాలి. ఈ నిబంధన ఉందని చాలామంది కార్యకర్తలకే తెలియదు. నేను అడిగిన కాలనీల్లో ఎవరూ దాని గురించి వినలేదు. ఇళ్ళు కట్టాం కదా అనేవాళ్ళని ఈ వాక్యం చూపించి అడగండి.

చివరగా

ఆ కరపత్రాన్ని తిరిగి రాస్తున్నాను. ఈసారి ఒంటరిగా కాదు. పాత ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఎనిమిది మంది కూర్చుని చెబుతుంటే, వృక్షశాస్త్రం తెలిసిన స్నేహితురాలు బొమ్మలు గీస్తోంది. రాసేది ఎవరనుకున్నారు? ఏడో తరగతి చదివిన ఆ కోడలు. మొదటి వాక్యం ఎలా ఉండాలని పెద్ద చర్చ జరిగింది. "తెలియని నేల మీద మొలిచినదాన్ని తినవద్దు" అని నేను రాయమన్నాను. అత్తగారు ఒప్పుకోలేదు. అలా రాస్తే ఈ నేల ఎప్పటికీ తెలియనిదిగానే ఉండిపోతుంది అంది. వాళ్ళు రాసుకున్న వాక్యం ఇది: "ఈ నేల మనకి ఇంకా తెలియలేదు. తెలుసుకునేదాకా తినవద్దు."

కిందటి వానాకాలం కాలనీ చివర కంచె పక్కన చిన్న పుట్ట ఒకటి లేచిందని ఆమె నాకు ఫోన్ చేసి చెప్పింది. దాన్ని ఎవరూ తవ్వకుండా చుట్టూ ముళ్ళకంప వేశారట. గొడుగులు ఇంకా రాలేదు. వచ్చినా మొదటి ఏడు తినరట, చూస్తారట.